కళ్ళమునకు గాలి

నూర్పిడి యంత్రములు వచ్చిన నేటికిని శింగనమల ప్రాంతపు మెట్టచేలలో చేటతో కొర్రలు తూర్పారబట్టే రైతుకు కావలసినది నిలకడగల గాలి. ఊరంతా గాలి వీచుచున్నను, కళ్ళము చింతచెట్టు చాటున పడినచో పొట్టు ఒక మారు దూరముగా పోవును; మరుక్షణమే తిరిగి గింజలమీద రాలును. చేసిన పని మరల చేయవలసివచ్చును.

గాలియు నీటివంటి ప్రవాహమే. ఏటిలోని బండకు దిగువన సుడులు పుట్టినట్లే, ఇంటికి చాటువైపున గాలి సుడులు తిరుగును. ఈ కలత అడ్డము ఎత్తునకు సుమారు 20 రెట్ల దూరము సాగవచ్చును. ఇల్లు 5 మీటర్ల ఎత్తుదైతే 100 మీటర్లన్నమాట! ఎదురువైపున సైతము గాలి కొంత మందగించును గాని, అది ఎత్తునకు రెండు రెట్ల దూరమే. కనుక ఇంటివద్దనే కళ్ళము చేయక తప్పనిచో గాలి వచ్చు వైపున, కొంచెము ఎడముగా చేయుట మేలు.

గాలి వేగము సగమైనచో పొట్టును నెట్టు బలము నాలుగవ వంతే మిగులును. గాలిమరకు నష్టము ఇంకను ఎక్కువ: అందు శక్తి ఎనిమిదవ వంతునకు దిగును. 1990 దశకములో రామగిరి కొండలపై గాలిమరలను నిలుపుటకు ఇదే ముఖ్యకారణము.

గోడకన్న చెట్లవరుస నయము. ఆకుల సందులనుండి కొంత గాలి జారిపోవుటచే వెనుక సుడులు తగ్గును. పైరుకు కాపుగా ఇది మంచిదే. కళ్ళమునకు మాత్రము కాదు.

చోటు పరీక్షించుటకు పొడవాటి కర్రకు గుడ్డపేలిక కట్టి నిలిపిన చాలును. పేలిక ఒకే దిక్కునకు సాగి ఆడినచో అక్కడ చేట ఎత్తవచ్చును. అది చుట్టుకొని తలక్రిందులగుచున్నచో మరికొంత దూరము జరుగవలెను.