ఎత్తైన ప్రదేశాలు – పురుషుల సంతాన శక్తి

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో, సుమారు 4,000 మీటర్ల ఎత్తున పొటోసీ నగరం ఉంది. 1545లో అక్కడ వెండి గని బయటపడగానే స్పెయిన్ దేశస్థులు వచ్చి స్థిరపడ్డారు. కాని అర్ధ శతాబ్దం గడిచేవరకు వారి బిడ్డలలో ఒక్కరైనా బ్రతికి బట్టకట్టలేదని కలాంచా అనే మతాచార్యుడు వ్రాశాడు. స్థానిక ప్రజలకు మాత్రం సంతానం కలుగుతూనే ఉంది. ఈ వ్యత్యాసానికి కారణమేమిటి?

ఎత్తుకు పోయిన కొలదీ వాయుపీడనం తగ్గి, ప్రతి శ్వాసలోను మనకందే ప్రాణవాయువు తగ్గుతుంది. పురుషునిలో శుక్రకణం తయారు కావడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. ఆ కాలంలో ప్రాణవాయువు చాలకపోతే కణాల సంఖ్య క్షీణిస్తుంది, చలనం మందగిస్తుంది. పల్లపు ప్రాంతాల పురుషులను పెరూలోని సెర్రో డి పాస్కోకు తీసుకొనిపోయి పరీక్షించగా, కొద్ది వారాలలోనే ఇట్టి మార్పులు కనిపించినట్లు 1968లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే ఇది సాధారణంగా శాశ్వత లోపం కాదు. పల్లానికి దిగివచ్చిన కొన్ని నెలలకు పూర్వస్థితి కలుగుతుంది. తరతరాలుగా కొండలపై నివసించేవారి దేహాలు ఆ గాలికి అలవడినవే.

పొటోసీలో జరిగినదంతా పురుషుల లోపమేనని కూడా అనరాదు. ఎత్తైన చోట పుట్టే శిశువుల బరువు సైతం తగ్గుతుంది.

మన తెలుగు యువకులు సైనికులుగా 3,500 మీటర్ల ఎత్తునున్న లేహ్‌కు వెళుతుంటారు. అట్టివారి ఇంట సంతానం ఆలస్యమైతే, ముందుగా ఇల్లాలినే నిందించడం మన సమాజపు దురాచారం. దంపతులిద్దరూ వైద్యపరీక్ష చేయించుకొనడమే న్యాయం. విద్యావంతులమైన మనమే ఈ మాటను ఇంటింటా చెప్పాలి.