శ్రోతృమతము – పాఠభేదము: ‘మ్యాడ్‌విలనీ’ గీతసంపుటి

కావ్యమును గూర్చి పాఠకుడు వెలిబుచ్చు మతమును విమర్శకులు చిరకాలముగా ఆదరించుచున్నారు. గేయమును గూర్చి శ్రోత వెలిబుచ్చు మతమునకు అట్టి ఆదరము లభింపలేదు. ‘బాగున్నది’, ‘బాగులేదు’ అను శ్రోతల మాటలు అమ్మకముల లెక్కకు పనికివచ్చునే గాని పరిశోధనమునకు పనికిరావని మన విద్యాసంస్థలయందొక అభిప్రాయము వ్యాపించియున్నది. ఈ వ్యాసమున మేము ఆ అభిప్రాయమును పరీక్షింప బూనితిమి. శ్రోతృమతము ఆధారము కాగలదనియు, కాని ఆ శ్రోత ఏ పాఠమును వినెనో, దానికి ముందేమి వినెనో, ఎన్నిమారులు వినెనో తెలియనంతవరకు అది ఆధారము కాజాలదనియు నిరూపించుట మా ఉద్దేశము. ఇందుకు ఉదాహరణముగా అమెరికా దేశపు హిప్‌హాప్ గాయకుడు ఎం.ఎఫ్. డూమ్, సంగీతకర్త మ్యాడ్‌లిబ్ కలసి 2004 మార్చి 23వ తేదీన వెలువరించిన ‘మ్యాడ్‌విలనీ’ అను ఆల్బమును గ్రహించితిమి. ఒకే కృతి రెండు పాఠములతో శ్రోతల చెవిని బడుటయు, ఆ రెండును నేటికిని నిలిచియుండుటయు ఈ ఎంపికకు కారణము.

హిప్‌హాప్ అనునది న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ ప్రాంతమున 1970వ దశకమున పుట్టిన కళాసముదాయము. అందలి గేయభాగమునకు రాప్ అని పేరు. రాప్ నందు రాగము కంటె లయయు ప్రాసయు ప్రధానములు. గాయకుడు పాడుటకును మాటలాడుటకును నడుమనున్న ఒక తీరున పాదములను తాళమునకు కట్టి చెప్పును. వెనుక వినవచ్చు వాద్యఖండములు పెక్కుసారులు పాత గ్రామఫోను రికార్డులనుండి తునిగి తెచ్చి కూర్చినవి. ఈ కూర్పునకు బీటు అని వ్యవహారము. పెద్ద వ్యాపారసంస్థల అండ లేక, చిన్న సంస్థల ద్వారమున తమ కృతులను ప్రకటించుకొను వారిని ‘అండర్‌గ్రౌండ్’ కళాకారులందురు. మాటను బట్టి ఇందేదో రహస్యమున్నదని తలపరాదు. ప్రచారము స్వల్పము, శ్రోతలు పరిమితులు. కాని ఆ శ్రోతలు ఒక్కొక్క పాదమును పట్టిపట్టి వినువారు. ఆల్బమనగా ఒక క్రమమున కూర్చిన గీతముల సంపుటి. ఆ క్రమమును కృతిలో భాగమే.

డూమ్ అసలు పేరు డేనియల్ డూమిలే. 1971లో లండను నగరమున జన్మించి, న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండ్ నందు పెరిగెను. తమ్ముడు సబ్‌రాక్‌తో గూడి కె.ఎం.డి. అను బృందమున ప్రవేశించి 1991లో తొలి సంపుటిని వెలువరించెను. 1993లో ఆ తమ్ముడు రహదారి ప్రమాదమున మరణించెను. మరుసటి సంవత్సరము వారి రెండవ సంపుటిని, దాని ముఖచిత్రము వివాదాస్పదమగుటచే, ఎలెక్ట్రా సంస్థ ప్రకటింప నిరాకరించి బృందమునే వదలుకొనెను. కొన్ని యేండ్ల మౌనము పిమ్మట అతడు ముఖము కప్పుకొని న్యూయార్కు వేదికలపై మరల కనబడెను. 1999లో ‘ఆపరేషన్: డూమ్స్‌డే’ అను సంపుటిని చిన్న సంస్థ ద్వారా వెలువరించెను. తరువాత లోహపు ముసుగు అతని గుర్తయ్యెను. బొమ్మల కథలలోని ఒక ప్రతినాయకుని పోలికతో ఈ వేషమును, పేరును కల్పించుకొనెను. శ్రోత తన ముఖమును గాక మాటను గమనింపవలెనన్నది ఆ వేషము వెనుకనున్న భావము.

మ్యాడ్‌లిబ్ కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఆక్స్‌నార్డు పట్టణమువాడు. లాస్ ఏంజెలిస్ నందలి స్టోన్స్ థ్రో అను చిన్న సంస్థకు కృతులు కూర్చుచుండెను. ఇరువురును కలసి 2002లో పని ప్రారంభించిరి. ఆ సంవత్సరమే మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ దేశమునకు పోయి, సావో పాలో నగరమున ఒక హోటలు గదిలో చిన్న శాంప్లరు యంత్రముతోను, చేతితో మోసికొనిపోదగిన రికార్డు ప్లేయరుతోను ఈ సంపుటికి కొన్ని బీట్లు కూర్చెను. ఆ కాలముననే, పూర్తికాని గీతముల ముసాయిదా ప్రతి యొకటి వారి చేయి దాటి ఇంటర్నెట్టులో పొక్కినది. సంపుటి వెలువడుటకు ఏడాదికి పైగా ముందే శ్రోతలు దానిని ఒకరినుండి యొకరు గ్రహించి వినజొచ్చిరి. విసిగిన కర్తలిరువురును ఈ పనిని కొంతకాలము విడిచి, 2003లో వేరువేరు కృతులను ప్రకటించిరి. పిమ్మట మరల కూడి సంపుటిని పూర్తిచేసిరి. అప్పుడు డూమ్ తన గాత్రభాగమును మార్చి చెప్పెను.

ఈ మార్పే మన విచారమునకు కేంద్రము. ముసాయిదాను పూర్వపాఠమనియు, 2004లో వెలువడిన దానిని పరిష్కృతపాఠమనియు వ్యవహరింతము. పూర్వపాఠమున గొంతు హెచ్చుస్థాయిలో నుండును, ఉత్సాహము పొంగును, ఎదుటివానిని కవ్వించు ధోరణి కనబడును. పరిష్కృతపాఠమున గొంతు దిగినది, వేగము తగ్గినది. వక్త కుర్చీలో వెనుకకు వాలి, ఇతరుల వినికిడితో పనిలేనట్లు తనలో తాను చెప్పుకొనుచున్న తీరు వినబడును. కొన్నిచోట్ల పదములును మారినవి.

సంపుటి వెలువడిన పిమ్మట శ్రోతలలో మూడు తెగలు ఏర్పడినవి. పూర్వపాఠమును నెలల తరబడి విని కంఠస్థము చేసినవారు మొదటి తెగ. వీరిలో పలువురు క్రొత్త గొంతు నీరసమైనదనియు, మునుపటి చేవ లేదనియు నొచ్చుకొనిరి. పూర్వపాఠమును ఎరుగక నేరుగా సంపుటిని వినినవారు రెండవ తెగ. ఆ మందగతియే ఈ కృతికి ప్రాణమనియు, కలత లేని ఆ గొంతువలననే చమత్కారము పండుచున్నదనియు వీరు మెచ్చుకొనిరి. సంపుటికి కీర్తి వచ్చిన తరువాత, ముఖ్యముగా 2020లో డూమ్ మరణించిన పిదప, వినినవారు మూడవ తెగ. వీరు కృతికి ముందు కీర్తిని వినినవారు. వీరిలో ‘ఇంతటి పేరు దేనికి?’ అని ఆశ్చర్యపడినవారును గలరు, మొదటి వినికిడిలోనే తలయూచినవారును గలరు. ఇరువురును వినుచున్నది కృతినొక్కదానినే కాదు. కృతిని, దాని ప్రతిష్ఠను కలిపి వినుచున్నారు.

ఈ మూడు తెగల మాటలను ఒక్కచోట రాశిపోసి, మెచ్చినవారెందరు, మెచ్చనివారెందరు అని లెక్కించినచో ఏమి తేలును? ఏమియు తేలదు. మొదటి తెగవారి నిరసనము సంపుటియందలి లోపమును తెలుపుట కంటె రెండు పాఠముల నడుమనున్న దూరమును ఎక్కువగా తెలుపుచున్నది. వారికి ఆ సంపుటి క్రొత్తది కాదు. తాము చిరకాలముగా ఎరిగిన కృతికి వచ్చిన మార్పు మాత్రమే. రెండవ తెగవారికి అది సంపూర్ణముగ నూతనము. ఒకే దినమున, ఒకే సంపుటిని గూర్చి, ఒకే మాటలతో వెలువడిన అభిప్రాయములు రెండు వేరు వస్తువులను గూర్చినవి.

తెలుగు సాహిత్యవిద్యార్థికి ఈ పరిస్థితి అపరిచితము కాదు. గురజాడ ‘కన్యాశుల్కము’ 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చైనది. రచయితయే దానిని మిక్కిలి పెంచి, మార్చి 1909లో రెండవ కూర్పును ప్రకటించెను. నేడు మనము చదువునది, బోధించునది రెండవ కూర్పు. మొదటిదానిని రెండవదాని మూలముగా చూచు అలవాటు మనకు కుదిరినది. మొదటి ప్రదర్శనమును చూచిన ప్రేక్షకుని దృష్టికి ఆ క్రమము తలక్రిందుగా నుండును. ‘మ్యాడ్‌విలనీ’ విషయమున విశేషమేమనగా, పూర్వపాఠము మరుగున పడలేదు. శ్రోతలు తమ ప్రతులను పారవేయలేదు. తరువాతి కాలమున ప్రకటనసంస్థయే ఆ ముసాయిదాను వెలువరించెను. కావున ఇరుపాఠములును పక్కపక్కన నిలిచి, శ్రోతలను వాదమునకు పిలుచుచునే యున్నవి.

ఇక పాఠభేదముతో సంబంధము లేని ఆక్షేపములను చూతము. సంపుటియందు 22 ఖండములు గలవు. మొత్తము నిడివి సుమారు 46 నిమిషములు. పెక్కు గీతములు మూడు నిమిషములకు లోబడినవి. చాలవానికి పల్లవి లేదు. పల్లవి మరలమరల వచ్చి చెవిలో నాటుకొనుటకు అలవాటుపడిన శ్రోతకు ఇవి అసంపూర్ణములుగా తోచినవి. పాట ఊపందుకొనునంతలో ముగియుచున్నదని వారి ఆక్షేపము. ఈ ఆక్షేపము చేసినవారిలో కొందరు తరువాత మనసు మార్చుకొనిరి. దానికి కారణము రచనాశిల్పమున గలదు. డూమ్ రచనయందు ప్రాస పాదాంతమున ఒక్కచోట నిలువదు. రెండు మూడు నాలుగు అక్షరముల ధ్వనిసముదాయము పాదమధ్యమున మొదలై, పాదము దాటి, గొలుసువలె సాగును. మన ప్రాస ద్వితీయాక్షరమున నియతస్థానము గలది; వినువాని చెవి దానికై ముందే వేచియుండును. ఇచట స్థానము నియతము కాదు, చెవి వెదకుకొనవలెను. అర్థమునందు శ్లేషయు, ఒక మాట చెప్పబోయి వేరు మాటకు మరలుటయు తరచు. ఇన్నిటిని మొదటి వినికిడిలో అందుకొనుట దుర్ఘటము. పల్లవి చేయవలసిన పునరావృత్తిని ఇచట శ్రోతయే చేయవలెను: సంపుటినే మరల వినవలెను. కావున ఒకమారు వినినవాని మతమును, ఇరువదిమార్లు వినినవాని మతమును ఒక్క తక్కెడలో తూచుట తగదు. మందగతితో చెప్పుట ఈ దట్టమైన ప్రాసలను చెవికి అందించుటకు తోడ్పడుచున్నదని మా అభిప్రాయము. మొదటి తెగవారు లోపమనినది ఈ దృష్టికి ప్రయోజనవంతముగ కనబడును.

మన ఆలంకారికులు సహృదయుని లక్షణమును చెప్పుచు, కావ్యపరిశీలనాభ్యాసముచే నిర్మలమైన మనస్సును దర్పణముతో పోల్చిరి. అండర్‌గ్రౌండ్ శ్రోత ఈ అర్థమున అభ్యాసముగల రసికుడే. పాత రికార్డులు, బొమ్మల కథలు, డూమ్ ధరించిన వేరువేరు పేర్లు అతనికి పరిచితములు. కాని దర్పణమును గూర్చి మరియొక మాటయు చెప్పవలసియున్నది. అభ్యాసము మనస్సును నిర్మలము చేయుటయే గాక, దానిపై ముద్రను వేయుటయు కలదు. పూర్వపాఠమును వందమారులు వినినవాడు సంపుటి విషయమున మిక్కిలి అభ్యాసము గలవాడు. ఆ అభ్యాసమే అతనికి క్రొత్త గొంతును అడ్డగించినది.

కర్త ఈ వాదమును ఎరుగకపోలేదు. సంపుటియందలి చివరి గీతమున, సంస్కారము పూర్తికాకమునుపే తమ కృతి బయటికి పొక్కిన సంగతిని డూమ్ పరిహాసముగ ప్రస్తావించెను. మన ప్రబంధకవులు అవతారికయందు కుకవులను, అసూయాపరులను పలుకరించుట పరిపాటి. ఇచట శ్రోతల తొందరపాటే కృతి చివర పలుకరింపబడినది. శ్రోతృమతము కృతికి వెలుపల నుండునదని తలచువారికి ఇది మంచి సమాధానము.

ఇంతమాత్రముచే శ్రోత మతమంతయు అలవాటు పుట్టించినదేయని చెప్పరాదు. సంపుటినే ముందు విని, ఏండ్ల పిమ్మట పూర్వపాఠమును వినినవారిలోను పూర్వపాఠమునే మెచ్చువారు కలరు. వీరి మతమును వినికిడి క్రమము వివరింపజాలదు. అది గొంతునందలి గుణమును గూర్చిన తీర్పు. ఈ తీర్పును మొదటి తెగవారి నొచ్చుకోలునుండి విడదీయగలుగుటయే మా పద్ధతి ప్రయోజనము. కలగలిపినచో దీని విలువ నశించును. అట్లే అమ్మకముల లెక్కయు విలువకు కొలబద్ద కాదు. వెలువడిననాడు ఈ సంపుటి అమెరికా బిల్‌బోర్డ్ 200 పట్టికలో 179వ స్థానమును మించలేదు. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఉత్తమ సంపుటుల పట్టికలో చోటు సంపాదించినది. ఈ నడుమ సంపుటి మారలేదు. వినినవారును, వినిన తడవలును మారినవి.

దీనినుండి పరిశోధకవిద్యార్థులు గ్రహింపదగినది స్పష్టము. తెలుగున నేడు రాప్ గేయములు వెలువడుచున్నవి. బుఱ్ఱకథలు, హరికథలు, జానపదగేయములు శ్రోతల ఎదుట ఒకరీతిగను, ధ్వనిముద్రణమున మరియొకరీతిగను వినబడుచున్నవి. వీనిని గూర్చి జనుల అభిప్రాయములను సేకరించు విద్యార్థి ‘మీకు నచ్చినదా?’ అను ప్రశ్నతో ఆగిపోరాదు. ఏ పాఠమును వినిరి, దానికి ముందేమి వినియుండిరి, ఎన్నిమారులు వినిరి అను మూడు ప్రశ్నలను ముందు అడిగి, ప్రత్యుత్తరములను అభిప్రాయము ప్రక్కనే వ్రాసికొనవలెను. వ్రాతప్రతిని పరిష్కరించునపుడు ఏ ప్రతినుండి ఏ పాఠము వచ్చినదో గుర్తింపక మనము ముందుకు సాగము. శ్రోతయు ఒక ప్రతివంటివాడే. అతని యందు కృతి ఏ రూపమున నిలిచినదో ఎరుగక అతని తీర్పును ఉదాహరించుట, ఆకరము తెలుపక పాఠాంతరమును ఉదాహరించుటతో సమానము.