తుపాకీ కూడా వేషం కడుతుంది

1989లో 'శివ' చూసినవాళ్లకు అందులోని ఆయుధం పేరు ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు. కాలేజీ గొడవలో నాగార్జున సైకిల్ చైను లాగి చేతపట్టుకుంటాడు. హాల్లో ఉన్న ప్రతి కుర్రాడూ రోజూ తొక్కే బండిలోదే అది. దాని బరువెంతో, జిడ్డెంతో, ఒంటికి తగిలితే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్లకు అదే దర్శకుడు రామ్ గోపాల్ వర్మ 'సత్య'తో ముంబయి నేరలోకంలోకి వెళ్లాడు. అక్కడ పేలేవి తుపాకులు. ఏ తుపాకులని అడిగితే మాత్రం మనలో ఎక్కువమంది 'పిస్తోలు' అని ఊరుకుంటాం. తెర మీద కనిపించిన కారు ఏ కంపెనీదో, ఏ కాలం నాటిదో చటుక్కున చెప్పేవాళ్లు కూడా కథను మలుపు తిప్పిన వస్తువు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు.

నిజం కేసుల్లో తుపాకీ పేరు చెప్పడానికి ఓ పద్ధతి ఉంది. దొరికిన తూటాను ప్రయోగశాలకు పంపుతారు. హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల చేసే పనుల్లో ఇదీ ఒకటి. తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. తూటా వాటిని ఒరుసుకుంటూ, గిర్రున తిరుగుతూ, ఆ గాడుల గీతలు ఒంటినిండా వేయించుకుని బయటపడుతుంది. కోల్ట్ రివాల్వర్‌లో ఆ మెలిక ఎడమకు, స్మిత్ అండ్ వెసన్‌లో కుడికి. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేసిన ముఠా ఏ తుపాకులు వాడిందో కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుడు తేల్చింది ఇలాగే. తూటాల మీద, ఖాళీ షెల్స్ మీద ఉన్న గీతలను జంట సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి పోల్చాడు.

సినిమా చూసేవాడికి తూటా చేతికందదు. ఉన్నవల్లా బొమ్మ, కదలిక, చప్పుడు. ఈ మూడింటిలో కదలికనే నేను ఎక్కువ నమ్ముతాను. బొమ్మకు రంగు పూయొచ్చు, చప్పుడు తర్వాత కలపొచ్చు. లోపలి యంత్రం పని చేసే తీరును దాచడం అంత తేలిక కాదు.

రివాల్వర్‌తో మొదలుపెడదాం. తూటాలుండే గుండ్రటి సిలిండర్ పక్కకు తెరుచుకుందంటే నటుడి బొటనవేలిని చూడాలి. మీటను ముందుకు తోశాడా, అది స్మిత్ అండ్ వెసన్. వెనక్కి లాగాడా, కోల్ట్. పేల్చేవాడి వైపు నుంచి చూస్తే కోల్ట్ సిలిండర్ గడియారం ముల్లులా కుడికి తిరుగుతుంది, స్మిత్ అండ్ వెసన్‌ది ఎడమకు. గొట్టం కింద సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది, ఖాళీ షెల్స్‌ను బయటికి తోసేది. స్మిత్ అండ్ వెసన్‌లో దాని కొసను గొట్టం కిందున్న చిన్న మెట్టు పట్టుకుని ఉంటుంది. పాత కోల్ట్‌లలో ఆ కొస ఉత్తినే వేలాడుతుంది. 1971లో వచ్చిన 'ద ఫ్రెంచ్ కనెక్షన్'లో జీన్ హ్యాక్‌మన్ దగ్గరుండే పొట్టి రివాల్వర్ కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్, ఆరు తూటాలది. దాదాపు అదే పొడవుండే స్మిత్ అండ్ వెసన్ మోడల్ 36లో పట్టేవి అయిదే. అదే ఏడాది 'డర్టీ హ్యారీ'లో క్లింట్ ఈస్ట్‌వుడ్ పట్టింది మోడల్ 29. అది .44 మాగ్నమ్ తూటాకు చేసిన భారీ తుపాకీ కాబట్టి దూరం నుంచే పోల్చుకోవచ్చు.

మన దేశం సంగతి వేరు. 9 ఎం.ఎం. పిస్టల్ ఇక్కడ నిషేధిత బోరు, మామూలు పౌరుడికి లైసెన్సు దొరకదు. లైసెన్సు మీద దొరికే చేతి తుపాకుల్లో పేరున్నది కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్. పాత బ్రిటిష్ వెబ్లీ నమూనా దానికి మూలం. అందుకే దాని సిలిండర్ పక్కకు రాదు. తుపాకీయే మధ్యలో విరిచినట్టు ముందుకు వంగుతుంది. మన సినిమాలో ఊరి పెద్దమనిషి బీరువాలోంచి లైసెన్సు రివాల్వర్ తీశాడంటే నేను ముందు చూసేది అది ఎటు తెరుచుకుంటుందన్నదే. అక్కడ తళతళలాడే అమెరికన్ మాగ్నమ్ కనిపిస్తే, ఆ సీను రాసినవాళ్లు ఆ ఇంటికి వెళ్లలేదని తెలిసిపోతుంది.

రివాల్వర్ మూతికి సైలెన్సర్ బిగించి చడీచప్పుడూ లేకుండా చంపేసే హంతకుడు క్రైమ్ సినిమాలకు పాత చుట్టం. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. పేలినప్పుడు వేడి వాయువు ఆ సందులోంచి పక్కలకు తన్నుకొస్తుంది. మూతికి ఎంత గొప్ప సైలెన్సర్ తొడిగినా ఈ పక్కచప్పుడు ఆగదు. దీనికి పేరున్న మినహాయింపు రష్యా వాళ్ల 1895 నాటి నాగాంట్. దాని సిలిండర్ పేలే ముందు ముందుకు జరిగి గొట్టానికి అతుక్కుంటుంది. తూటా తొడుగు అంచు గొట్టంలోకి దూరి సందును పూడ్చేస్తుంది. సైలెన్సర్ పెట్టిన రివాల్వర్ తెర మీద కనబడితే, అది నాగాంట్ కాకపోతే, ఆ నిశ్శబ్దం అబద్ధమే.

పిస్టల్ కథ ఇంకోలా ఉంటుంది. పేలిన ప్రతిసారీ పైభాగం వెనక్కి జరిగి ఖాళీ షెల్‌ను విసిరేసి, కొత్త తూటాను ఎక్కించుకుని ముందుకొస్తుంది. చివరి తూటా అయిపోతే చాలా పిస్టళ్లలో ఆ పైభాగం వెనక్కే నిలిచిపోతుంది. ఖాళీ అయిన సంగతి పట్టుకున్నవాడికి కంటికే తెలుస్తుంది. విలన్ ఖాళీ పిస్టల్‌ను హీరో వైపు గురిపెట్టి టిక్ టిక్ మని నొక్కే సీను వీటితో కుదరదు. గ్లాక్ పిస్టల్‌కు బయట సుత్తి ఉండదు, అయినా బెదిరించే ప్రతి సీనులో సుత్తి వెనక్కి లాగిన 'క్లిక్' వినిపిస్తుంది. 1990 నాటి 'డై హార్డ్ 2' గ్లాక్‌కు ఇంకో అపకారం చేసింది. 'గ్లాక్ 7' అనే పింగాణీ పిస్టల్ విమానాశ్రయం ఎక్స్‌రేకు దొరకదని అందులో ఓ మాట ఉంది. గ్లాక్ 7 అనేదే లేదు. కెమెరా ముందున్నది గ్లాక్ 17. దాని పిడి ప్లాస్టిక్ జాతిదే గానీ గొట్టం, పైభాగం ఉక్కువి. ఎక్స్‌రే కింద నల్లగా, స్పష్టంగా పడతాయి. ఆ ఒక్క డైలాగు పుట్టించిన భయం ఏళ్ల తరబడి జనం నోళ్లలో నలిగింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది వేషాల సంగతి. 1994 నాటి 'పల్ప్ ఫిక్షన్'లో జాన్ ట్రవోల్టా, శామ్యూల్ ఎల్. జాక్సన్ ఇద్దరూ ఒకే గదిలో ఒకేసారి పిస్టళ్లు ఎత్తుతారు. రెండూ వెండిలా మెరుస్తాయి. చూడగానే రెండూ 1911లే అనిపిస్తాయి. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా అమెరికా సైన్యం 1911లో తీసుకున్న .45 పిస్టల్ అది. ట్రవోల్టా చేతిలోది నిజంగానే ఆ వంశానిది. జాక్సన్ చేతిలోది మాత్రం స్పెయిన్‌లోని ఎయిబార్ పట్టణంలో తయారైన స్టార్ మోడల్ బి. పిడి వెనకవైపు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తుకునే చోటు చూడాలి. 1911కు అక్కడ కదిలే పలక ఉంటుంది, చెయ్యి గట్టిగా పట్టుకుంటేనే పేలడానికి ఒప్పుకునే రక్షణ మీట. స్టార్‌కు అది లేదు, వెనకంతా నున్నగా ఉంటుంది. స్టార్ కుడి పక్కన షెల్‌ను పీకే కొక్కెం బయటికే కనిపిస్తుంది, 1911లో అది లోపల దాగి ఉంటుంది.

స్పెయిన్ పిస్టల్ అమెరికన్ పిస్టల్ వేషం ఎందుకు కట్టింది? ఈ అలవాటు 'పల్ప్ ఫిక్షన్' కన్నా పాతది. 1969లోనే 'ద వైల్డ్ బంచ్'లో స్టార్ పిస్టళ్లు 1911లుగా నటించాయి. కారణం బ్లాంక్ తూటాలో ఉంది. బ్లాంక్‌లో మందు ఉంటుంది, గుండు ఉండదు. ముందుకు దూసుకుపోయే గుండు లేకపోతే తుపాకీని వెనక్కి తన్నే బలం కూడా దాదాపు ఉండదు. పైభాగం కదలదు, రెండోసారి పేలదు. అందుకని సినిమా తుపాకుల బాధ్యులు గొట్టం లోపల సన్నటి రంధ్రమున్న బిరడా బిగిస్తారు. వాయువు ఇరుకున పడి ఒత్తిడి పెంచుకుని పైభాగాన్ని తోస్తుంది. .45 బ్లాంక్‌లు ఈ పనిలో చాలాకాలం మొరాయించాయి, 9 ఎం.ఎం. బ్లాంక్‌లు చక్కగా పనిచేశాయి. 1911 పోలికలుండి 9 ఎం.ఎం. తూటా తినే పిస్టల్ కావాలంటే స్టార్ సిద్ధంగా ఉంది. పిస్టల్ కెమెరాకు ఎదురుగా వచ్చినప్పుడు ఆపి చూడండి. గొట్టం నోరు ఉండాల్సినదాని కన్నా బాగా సన్నగా కనిపిస్తే లోపల బిరడా ఉన్నట్టే.

'డై హార్డ్' మొదటి భాగంలోనూ (1988) ఇలాంటిదే జరిగింది. ముఠా చేతుల్లోవి జర్మనీ ఎంపీ5 సబ్‌మెషిన్ గన్‌ల్లా ఉంటాయి. నిజానికి అవి హెచ్‌కే94లు. అమెరికాలో పౌరులకు అమ్మడానికి పొడుగు గొట్టంతో చేసిన రకం అది. అసలు ఎంపీ5లు దొరకడం కష్టం కావడంతో వీటి గొట్టం కోసి, వరసగా పేలేలా మార్చి తెర మీదికి పంపారు. ఎంపీ5 మూతి దగ్గర మూడు చిన్న ఉబ్బులుంటాయి. కోసిన హెచ్‌కే94కు అక్కడ బోసిగా ఉంటుంది.

వేషం కట్టని తుపాకులు ఎలా ఉంటాయో చూడాలంటే మైకేల్ మన్ తీసిన 'హీట్' (1995) ఉంది. లాస్ ఏంజెలెస్ నడివీధిలో బ్యాంకు దోపిడీ తర్వాత జరిగే కాల్పుల సీను నేను ఎన్నిసార్లు చూశానో. వాల్ కిల్మర్ చేతిలో కోల్ట్ 733, పొట్టి గొట్టం, ముడుచుకునే మడమ. టామ్ సైజ్‌మోర్‌ది ఇజ్రాయెల్ గలీల్. కలష్నికోవ్ వంశంలోంచి ఫిన్లాండ్ మీదుగా వచ్చిన తుపాకీ కాబట్టి ఏకే-47 అని పొరపడటం తేలిక. దాని తూటా ఎక్కించే పిడి పైకి వంగి ఉంటుంది, కుడి చేతిని ట్రిగ్గర్ దగ్గర్నుంచి తీయకుండా ఎడమ చేత్తో లాగేందుకు వీలుగా. ఏకేకు ఆ వంపు లేదు. అల్ పచీనోది బెల్జియం ఎఫ్ఎన్‌సీ. ఇక చప్పుడు సంగతి. ఆ వీధిలో బ్లాంక్‌లు పేల్చినప్పుడు అక్కడికక్కడ రికార్డు చేసిన శబ్దాన్నే దర్శకుడు ఉంచుకున్నాడు. ఎత్తయిన భవనాల గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే ఆ మోతను ఏ స్టూడియోలో కలిపినా అలా ఉండేది కాదు. ఇలాంటి సీనులోనే చెవిని సాక్షిగా నిలబెట్టొచ్చు.

తుపాకీ పేరు తెలిస్తే సినిమా కాలం కూడా తనిఖీకి వస్తుంది. 1920ల, 30ల ముఠాల కథల్లో థాంప్సన్ సబ్‌మెషిన్ గన్ తప్పదు. తొలినాళ్ల థాంప్సన్‌కు తూటా ఎక్కించే పిడి పైన ఉంటుంది, గొట్టం చుట్టూ చల్లబడటానికి రెక్కలుంటాయి, గుండ్రటి డ్రమ్ము తగిలించొచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం చౌకగా మార్చిన ఎం1, ఎం1ఏ1లలో పిడి కుడి పక్కకు పోయింది, రెక్కలు పోయాయి, డ్రమ్ము పట్టదు. మద్యనిషేధం నాటి కథలో కుడి పక్క పిడి కనిపిస్తే అది ఎన్నో ఏళ్లు ముందే వచ్చేసిన తుపాకీ. 'పబ్లిక్ ఎనిమీస్' (2009) ఈ విషయంలో జాగ్రత్త పడింది. అందులోని బందిపోటు జాన్ డిలింజర్ 1934 జూలైలో షికాగోలో సినిమా హాలు నుంచి బయటికొస్తూ ఫెడరల్ ఏజెంట్ల తూటాలకు చనిపోయాడు. ఆ రాత్రి అతను చూసొచ్చిందీ క్రైమ్ సినిమాయే.

కోయెన్ సోదరుల 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్' (2007) నాకు ఎంతో ఇష్టమైన సినిమా. కథాకాలం 1980, టెక్సస్. హావియర్ బార్డెమ్ పోషించిన హంతకుడి సైలెన్సర్ షాట్‌గన్ రెమింగ్టన్ 11-87. ఆ పేరులోనే పుట్టిన సంవత్సరం ఉంది, 1987. అప్పటికి ఉన్నది దాని అన్న, 1963 నాటి రెమింగ్టన్ 1100. పైకి ఇద్దరూ కవలల్లాగే ఉంటారు. సినిమా విలువ దీనివల్ల వీసమెత్తు తగ్గదు. కానీ 1980ని గోడ మీది కాగితం దాకా శ్రద్ధగా కట్టినవాళ్లు ఇక్కడ జారిపోయారన్నది నిజం.

మన పోలీసు కథల్లో ఇలా చూడాల్సింది త్రీ నాట్ త్రీని. స్టేషను ముందు సెంట్రీ భుజాన వేలాడే ఆ కర్ర తుపాకీని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. అయితే బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ 1960ల్లో అదే నమూనాను 7.62 ఎం.ఎం. తూటాకు మార్చి చేసింది. తూటా మారింది కాబట్టి మ్యాగజైనూ మారింది. త్రీ నాట్ త్రీ మ్యాగజైన్ అడుగు ఏటవాలుగా ఉంటే, ఇషాపూర్ 7.62ది పెట్టెలా చదరంగా ఉంటుంది. స్వాతంత్ర్యోద్యమం నాటి లాఠీచార్జి సీనులో ఆ చదరపు పెట్టె కనిపిస్తే కళాదర్శకుడు దొరికినట్టే.

రివాల్వర్‌ను ఎదురుగా చూపినప్పుడు సిలిండర్ గదుల్లో తూటా కొనలు కనిపించాలి, లేకపోతే ఖాళీ అని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. అందుకే దగ్గరి షాట్లకు డమ్మీలు వాడతారు. గుండు ఉంటుంది, మందు ఉండదు. 1993 మార్చి 31న 'ద క్రో' చిత్రీకరణలో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ ప్రాణం తీసింది ఈ డమ్మీయే. నిజం తూటాల్లోంచి మందు తీసేసి డమ్మీలు తయారు చేశారు గానీ అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ అలాగే ఉండిపోయింది. ఒక షాట్‌లో ఆ ప్రైమర్ పేలి గుండును గొట్టంలోకి తోసి అక్కడే ఇరికించింది. ఎవరూ చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ పెట్టి పేల్చారు. బ్లాంక్ వాయువు ఆ ఇరుక్కున్న గుండును నిజం తూటాలా బయటికి కొట్టింది. అతనికి 28 ఏళ్లు. బ్లాంక్‌కూ డమ్మీకీ నిజం తూటాకూ తేడా గుర్తుపట్టడం ప్రేక్షకుడికి సరదా కావచ్చు. సెట్‌లో ఉన్నవాళ్లకు అది ప్రాణం. బ్లాంక్ కొస ముడిచిన పొట్లంలా ఉంటుంది. మంచి డమ్మీకి పక్కన రంధ్రం వేసి ఉంటుంది, లేదా లోపల గోళీ వేసి ఊపితే గలగలమంటుంది. 2021 అక్టోబరులో 'రస్ట్' సెట్‌లో నిజం తూటా పేలి ఛాయాగ్రాహకురాలు చనిపోయాక ఈ తనిఖీల గురించి ప్రపంచమంతా మాట్లాడింది.

ఆ తర్వాత చాలామంది బ్లాంక్‌లు మానేసి గ్యాసు బొమ్మ తుపాకులు పట్టారు. మెరుపును కంప్యూటర్‌లో కలుపుతున్నారు. దీన్ని పసిగట్టడానికీ ఓ దారి ఉంది. ఫిల్మ్ కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. షట్టర్ సగం సేపు మూసి ఉంటుంది, కాబట్టి ఒక్కో ఫ్రేముకు వెలుతురు తగిలేది 1/48 సెకను. తుపాకీ మూతి మెరుపు సెకనులో కొన్ని వేయోవంతుల్లో ఆరిపోతుంది. షట్టర్ మూసి ఉన్నప్పుడు పేలిన మెరుపు ఫిల్మ్‌కు ఎక్కదు. అందుకే పాత సినిమాల్లో పది చప్పుళ్లకు పది మెరుపులు లెక్క తేలవు, కొన్ని మాయమవుతాయి. కొత్త సినిమాల్లో ప్రతి చప్పుడుకూ నిండు మెరుపు ఉంటుంది. ఆ మెరుపు పక్క గోడ మీద మాత్రం పడదు. నేల మీద ఖాళీ షెల్ పడిన శబ్దం ఖణేల్‌మని వినిపిస్తుంది, ఫ్రేము ఫ్రేముగా వెనక్కి తిప్పినా ఆ షెల్ ఎక్కడా కనిపించదు.