హుషారు కుక్కపిల్లను ఇంటికి తీసుకెళ్ళే ముందు



గేటు బయట బోరింగు దగ్గర తిరుగుతున్న గోధుమరంగు కుక్కపిల్ల సంగతి మన హాస్టల్లో తెలియనివాళ్ళు లేరు. సంతరోజు రాత్రి ఎవరో గోనెసంచిలో తెచ్చి వదిలేసి పోయారు. ఆడది కాబట్టే వదిలేసి ఉంటారని వంట అక్క అంటోంది. చెప్పులెత్తుకుపోతుంది, లంగా అంచులు పట్టి లాగుతుంది, ఆరేసిన తువ్వాళ్ళు బురదలో పడేస్తుంది. "సెలవులకు ఇంటికి నేను పట్టుకెళ్తా" అని ఇప్పటికి ఏడెనిమిది మంది అన్నారు. వార్డెను సారు మాత్రం ఒక్క మాట అడిగారు: "పట్టుకెళ్తారు సరే. నాలుగు నెలలు పోయాక అది ఎక్కడుంటుంది?"

మంచి ప్రశ్న. ఎందుకంటే కుక్కపిల్లను ఎత్తుకుపోవడం ఒక్క రోజు పని. పెంచడం పది పన్నెండేళ్ళ పని. చాలా పిల్లలు ముద్దుగా ఉన్నప్పుడు ఇంటికి చేరతాయి, అల్లరి పెరిగాక మళ్ళీ రోడ్డు మీదికి వస్తాయి. ఆ అల్లరి ఏమిటో, దాన్ని ఎలా దారిలో పెట్టాలో ముందే తెలిస్తే అలా జరగదు.

1. అది ఎందుకంత అల్లరి చేస్తుంది?

కుక్కపిల్లకు చేతులు లేవు. మనం చేత్తో పట్టి చూసే ప్రతిదాన్నీ అది నోటితో పట్టి చూస్తుంది. దానికి మొదట వచ్చేవి 28 పాలపళ్ళు, సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల దగ్గర నుంచి అవి ఊడి, ఆరేడు నెలలకల్లా 42 గట్టి పళ్ళు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ళు దురదపెడతాయి కాబట్టి చెప్పు, చీపురు, మంచంకోడు ఏది దొరికితే అది కొరుకుతుంది. అది పొగరు కాదు, వయసు.

ఇంకో సంగతి. ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో కుక్కపిల్ల తన తోబుట్టువులతో ఆడుకుంటూ నేర్చుకుంటుంది. గట్టిగా కరిస్తే అవతలి పిల్ల 'కుయ్'మని ఆట ఆపేస్తుంది. తల్లి కూడా గుర్రుమంటుంది. చిన్నప్పుడే తల్లి నుంచి విడిపోయిన పిల్లకు ఈ పాఠం సగమే వస్తుంది. మిగతా సగం మనం చెప్పాలి.

అందుకే తల్లి దగ్గరున్న పిల్లను ఎనిమిది వారాలు నిండకుండా ఎత్తుకురాకూడదు. పొదలో పిల్లలు ఒంటరిగా కనిపించినా తల్లి తిండికోసం పోయి ఉండవచ్చు. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. తల్లి రాదని తేలాకే చెయ్యి వేయాలి.

మీరు నమ్మరు గానీ, ఇంత గంతులేసే పిల్ల రోజులో 18 గంటల దాకా నిద్రపోవాలి. నిద్ర చాలకపోతే మన చంటి తమ్ముళ్ళలాగే పెచ్చు చేస్తుంది. సాయంత్రం పిచ్చిపట్టినట్టు గుండ్రంగా పరుగులు తీస్తే భయపడక్కర్లేదు. చాలాసార్లు అది నిద్రకు ముందు అల్లరే.

2. ఏ ఇంటికి వెళ్ళాలి?

తీసుకెళ్తామన్నవాళ్ళు ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి.

మనం బడికి వచ్చేశాక దానికి తిండి ఎవరు పెడతారు? అమ్మా నాన్నా పొద్దున్నే పోడు చేనుకు పోతే పగలంతా అది ఎవరి దగ్గర ఉంటుంది? ఇంట్లో కోళ్ళు, మేకపిల్లలు ఉన్నాయా? పాకే బిడ్డ ఉందా? పశువుల ఆసుపత్రి ఎంత దూరం, తీసుకెళ్ళేది ఎవరు? అది ఆడదన్న సంగతి ఇంట్లో చెప్పారా?

చివరి ప్రశ్న చిన్నది కాదు. ఆడకుక్క ఆరు నెలల నుంచి ఏడాది లోపు మొదటిసారి ఎదకు వస్తుంది. కట్టిన 63 రోజులకు అటూ ఇటూగా ఈనుతుంది. ఆ పిల్లలకు చోటు లేక మళ్ళీ గోనెసంచి, మళ్ళీ సంత. దీనికి విరుగుడు ఆడపిల్లను పారేయడం కాదు, సమయానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించడం. ఎప్పుడు చేయించాలో పశువుల డాక్టరు చెబుతారు. కాపలాకు ఆడదైనా మగదైనా ఒకటే. కొత్త మనిషిని చూసి మొరగడానికి, చేలో అడవిపంది అలికిడి పసిగట్టడానికి మగదే కానక్కర్లేదు.

పెంచుకుంటామని తెచ్చి తిండీ నీళ్ళూ లేని చోట వదిలేయడం తప్పే కాదు, నేరం కూడా. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో ఆ మాట ఉంది. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం కూడా అందులో నేరమే. పైగా పగలంతా కట్టేసిన కుక్క హుషారు ఎటూ పోదు, లోపల పోగుపడుతుంది. విప్పగానే కోళ్ళ మీద పడుతుంది.

3. మొదటి నెల పనులు

తిండి: రెండు నుంచి నాలుగు నెలల పిల్లకు రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఆరు నెలలు దాటాక రెండుసార్లు చాలు. మెత్తటి అన్నమో చోడి సంకటో, దానిలో ఉడికించిన గుడ్డు గానీ, ఎముక తీసిన మాంసం గానీ కలపాలి. ఉప్పూ కారం వద్దు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష కుక్కలకు విషం. ఉడికిన కోడి ఎముక పుల్లల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఆవుపాలు కొన్నిటికి అరగక విరేచనాలు అవుతాయి. ఇవన్నీ కాక ఒక చిప్పలో ఎప్పుడూ మంచినీళ్ళు ఉండాలి.

నులిపురుగులు: ఒళ్ళు ఎండి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే చాలాసార్లు పొట్టలో పురుగులే కారణం. మూడు నెలలు నిండేదాకా పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి మందు వేయాలి. మందు బరువును బట్టి ఉంటుంది కాబట్టి డాక్టరు చెప్పినంతే. ఈ పురుగుల గుడ్లు దాని మలంలో ఉంటాయి, మనకూ అంటుకుంటాయి. కుక్కపిల్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా కంచం ముందు కూర్చోవద్దు.

టీకాలు: ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో మొదలైన జబ్బులకు మొదటి టీకా, డాక్టరు చెప్పిన రోజుల్లో మళ్ళీ మళ్ళీ. పార్వో వస్తే వాంతులు, నెత్తురు విరేచనాలు అయి పిల్ల రెండు మూడు రోజుల్లో చచ్చిపోవచ్చు. మూడో నెలలో రేబిస్ టీకా. తర్వాత కూడా డాక్టరు రాసిన తేదీకి వేయిస్తూ ఉండాలి. తేదీలు ఇంటి గోడ మీద రాసి పెట్టండి, కాగితం పోయినా గోడ పోదు.

గోమార్లు: చేనుకు కొట్టే పురుగుమందు ఎప్పుడూ ఒంటికి రాయకూడదు. అది నాకి చనిపోతుంది. ఆసుపత్రిలో దానికి వేరే మందు ఉంటుంది.

4. హుషారుకు పని చూపించాలి

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నారు పెద్దలు. నేర్పడం మొదటి రోజునే మొదలుపెట్టాలి. కొట్టి నేర్పడం కాదు.

కరిస్తే: చెయ్యి విదిలించకండి, అరిచి పరుగెత్తకండి. అది ఆటే అనుకుని ఇంకా వెంటపడుతుంది. "అబ్బా" అని ఒక్కసారి అని, కదలకుండా మొహం పక్కకు తిప్పేయండి. కాసేపటికి చల్లబడ్డాక పాతగుడ్డ ముడివేసి నోటికి ఇవ్వండి. కరిస్తే ఆట ఆగుతుంది, గుడ్డ కొరికితే సాగుతుంది. రోజూ ఇంట్లో అందరూ ఇలాగే చేస్తే కొన్ని వారాల్లో దానికి అర్థమవుతుంది. ఒకరు తిట్టి ఇంకొకరు నవ్వితే ఎప్పటికీ అర్థం కాదు.

పరుగులు: చిన్నపిల్లను మైళ్ళు నడిపించకూడదు, కీళ్ళు లేతవి. రోజులో నాలుగైదుసార్లు, కాసేపు ఆట, తర్వాత నిద్ర. అన్నం ముద్దను ఆకుల కింద దాచి వెతకమంటే పరుగుకంటే ఎక్కువ అలసిపోతుంది. కుక్కకు ముక్కే కదా పుస్తకం!

కోళ్ళు: తాడు కట్టి దూరం నుంచి కోళ్ళను చూపించండి. వాటిని వదిలి మీవైపు చూసిన ప్రతిసారీ చిన్న మెతుకుముద్ద పెట్టండి. రోజురోజుకూ దగ్గరికి జరపండి. పూర్తిగా నేర్చుకునే దాకా కోళ్ళతో ఒంటరిగా వదలవద్దు.

మాట: దానికి తెలుగూ తెలియదు, మన ఇంటి భాషా తెలియదు. "రా" అని పిలిచినా, కువిలో పిలిచినా, సవరలో పిలిచినా ఒక్కటే. కానీ ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. పిలిస్తే వచ్చినప్పుడు ఎప్పుడూ తిట్టకూడదు. వస్తే తిట్లు పడతాయని తెలిస్తే రేపు పిలిచినా రాదు.

ఒంటికి రెంటికి: నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి తీసుకెళ్ళాలి. లోపల చేసేస్తే ముక్కు దానిలో రుద్దడం పనికిమాలిన పని. దానికి తెలిసేది మనమంటే భయం ఒక్కటే.

కొట్టడం గురించి నన్నయ గారి ఆదిపర్వంలో ఒక కథ ఉంది. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకోవడానికి వచ్చింది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి సరమతో చెప్పుకుంది. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, ఏ తప్పూ చెయ్యని బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. మంచి చెడు ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసేవారికి అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్ళిపోయింది. అంత పెద్ద భారతంలో దాదాపు మొదట్లోనే ఒక కుక్కతల్లి న్యాయం అడిగింది. ఆ పిల్ల చేసిన నేరం ఆడుకోవడమే!

5. కరిచినా గీరినా ఏం చేయాలి?

'కుక్క కాటుకు చెప్పు దెబ్బ' అనే సామెత ఇక్కడ పనికిరాదు. కుక్క కాటుకు సబ్బు, నీళ్ళు, ఇంజెక్షను. ఈ వరస కంఠతా పట్టండి.

రేబిస్ క్రిమి జబ్బు కుక్క ఉమ్మిలో ఉంటుంది. కాటు నుంచో, గీరుడు నుంచో, పుండు మీద నాకినా లోపలికి పోయి నరాల వెంట మెదడుకు చేరుతుంది. జబ్బు బయటపడ్డాక బతికినవాళ్ళు దాదాపు లేరు. బయటపడకముందే టీకా వేస్తే మాత్రం ఆపవచ్చు. దాన్ని మొదట చూపించినవాడు లూయీ పాశ్చర్. 1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు ఆయన టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు. మన తోటి పిల్లవాడే!

కరిచిన వెంటనే బోరింగు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఆ క్రిమి పైపొర కొవ్వుతో చేసింది, సబ్బు దాన్ని చెడగొడుతుంది. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు పెట్టకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. చర్మంలో వేసే ఇంజెక్షను అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. కండలో వేసేదైతే వీటికి తోడు 14వ రోజు కూడా. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ మరో మందు కూడా వేస్తారు. పిల్లకుక్క కదా, చిన్న గీత కదా అని ఊరుకోవద్దు. కుక్కపిల్లకూ రేబిస్ వస్తుంది.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు వేస్తారనే భయంతో కొందరు కాటును దాచిపెడతారు. ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004 చివరలోనే ఆపేశారు. ఇప్పుడు వేసేది చేతికి. దాచి పెట్టుకోవడమే అసలు ప్రమాదం.

6. హాస్టల్లోనే ఉంచుకుంటే?

చాలామంది కోరిక ఇదే. కానీ కుదరదు. ఇక్కడ మూడో తరగతి పిల్లలు కూడా ఉన్నారు. సెలవుల్లో వంటగది మూసేస్తారు. పదిమంది పెట్టిన తిండి తిని, ఎవరి మాటా వినని కుక్కగా తయారవుతుంది. పైగా 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండుల వంటి చోట్ల నుంచి వీధికుక్కలను తరలించాలని ఆదేశించింది. మంచం కింద దాచి పెంచుదామనుకునే తమ్ముళ్ళూ, అది దానికి మేలు కాదు. దానికి కావలసింది మంచం కింద చోటు కాదు, ఒక వాకిలి, ఒక పేరు, రోజూ తిండి పెట్టే ఒక చెయ్యి.

ఇంటికి తీసుకెళ్ళలేనివాళ్ళు చేయగలిగినవీ ఉన్నాయి. రాళ్ళు వేయకుండా ఉండటం, వేసేవాళ్ళను ఆపడం. మంచి ఇల్లు ఎక్కడుందో విచారించి వార్డెను సారుకు చెప్పడం. దాన్ని చూసి పరుగెత్తే చిన్నపిల్లలకు చేతులు కట్టుకుని చెట్టులా నిలబడటం నేర్పడం. దొరికిన ఇంటివాళ్ళకు ఈ వ్యాసం చదివి వినిపించడం.

మిత్రులారా, హుషారైన కుక్కపిల్ల చెడ్డ కుక్కపిల్ల కాదు. చెప్పు ఎత్తుకుపోయే ఆ పరుగే రేపు చేనుగట్టు మీద కాపలా అవుతుంది. కాకపోతే మధ్యలో ఆరేడు నెలలు ఓర్చుకునే ఇల్లు ఒకటి కావాలి. ముద్దు చేసేవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నా, ఓర్చుకునేవాళ్ళు ఒక్కరు చాలు. "నాలుగు నెలలు పోయాక" అన్న ప్రశ్నకు అమ్మానాన్నలను అడిగి మరీ జవాబు తెచ్చినవాళ్ళే ముందుకు రావాలి.

— 9వ తరగతి, బి సెక్షన్