రేటింగ్ 4.8 ఉన్నా ప్లేట్ ఎందుకు నచ్చలేదు? జనగామ, మానుకోట, భూపాలపల్లి తిండి కథ

ఇవాళ టాపిక్ తిండి. ఊర్లు మూడు: జనగామ, మహబూబాబాద్ అంటే మన మానుకోట, ఇంకా భూపాలపల్లి. మూడూ పాత వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబర్ 11, దసరా రోజు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు, ఆఫీసులు వచ్చాయి. ఇప్పుడు చూస్తే మండి, షవర్మా, ఫాస్ట్‌ఫుడ్, ఫ్యామిలీ రెస్టారెంట్ బోర్డులే బోర్డులు. ఫోన్ తీసి వెతికితే అన్నిటికీ నాలుగు పైనే స్టార్లు. మరి ఎక్కడ తినాలి?

నేను హోటల్ పేర్ల లిస్ట్ చదవను. ఎందుకంటే చిన్న ఊర్లో వంట మాస్టర్ మారితే రుచి మారుతుంది, బోర్డు మాత్రం అదే ఉంటుంది. రెండు నెలలకే లిస్ట్ పాతబడుతుంది. దాని బదులు ఏ ఊర్లో అయినా పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్తా.

ముందు స్టార్ల లెక్క

ఒక చిన్న హోటల్‌కి ఆరు రివ్యూలు ఉన్నాయనుకోండి. ఐదుగురు 5 ఇచ్చారు. ఒకాయన పార్కింగ్ లేదని 1 ఇచ్చాడు. సగటు 4.33. అదే 300 రివ్యూల్లో 299 మంది 5 ఇచ్చి, ఒక్కడు 1 ఇస్తే సగటు 4.99. కోపం ఒకటే, దెబ్బ మాత్రం చిన్న హోటల్‌కే. దీన్ని తిప్పి చూడండి. ఆరుగురు దోస్తులుంటే నిన్న తెరిచిన హోటల్ కూడా 5.0 అయిపోతుంది. అందుకే స్టార్ల కన్నా ముందు పక్కన బ్రాకెట్‌లో ఉన్న సంఖ్య చూడాలి.

సాఫ్ట్‌వేర్‌లో మేం ఒకటి గమనిస్తాం. యాప్‌ని ఎంతమంది డౌన్‌లోడ్ చేశారన్నది సరే, నెల తర్వాత ఎంతమంది మళ్లీ ఓపెన్ చేస్తున్నారు? దాన్ని రిటెన్షన్ అంటారు. హోటల్‌కీ అదే అసలు పరీక్ష. కానీ రోజూ తినేవాళ్లు రివ్యూ రాయరు. ఇంట్లో అన్నం తిన్నాక అమ్మకు స్టార్లు ఇస్తామా? రాసేది ఎక్కువగా దారిన పోయేవాళ్లు. అందుకే హోటల్ ముందు నిలబడి ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడికి రేపు మళ్లీ వచ్చేది ఎవరు?

జనగామ: రోడ్డు మీద ఊరు

జనగామ హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి 163 మీద, హైదరాబాద్‌కు సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడ రెండు రకాల తిండి దొరుకుతుంది. హైవే పక్కన పెద్ద పార్కింగ్, శుభ్రమైన బాత్రూమ్, పుస్తకమంత మెనూ. అక్కడ తినేవాళ్లలో చాలామంది మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. అంత పెద్ద మెనూ ఎలా సాధ్యం? రెడ్ గ్రేవీ, వైట్ గ్రేవీ లాంటివి ముందే చేసి పెట్టుకుంటారు. ఆర్డర్ రాగానే అందులో పనీరో, చికెనో వేసి పేరు మారుస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు, కిచెన్ నడిచే తీరే అంత. కానీ ఎవరూ అడగని ఐటెమ్ ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు ఉంటుంది. కాబట్టి హైవే మీద ఆగితే పక్క టేబుళ్ల మీద ఎక్కువగా ఏది కనిపిస్తే అది ఆర్డర్ చేయండి.

ఊరి లోపల కథ వేరు. బస్టాండ్, ఆఫీసుల దగ్గర టిఫిన్ సెంటర్లు, మెస్‌లు. అక్కడ తినేది రోజూ వచ్చే క్లర్కు, షాపులో పనిచేసే పిల్లాడు, పక్క ఊరి నుంచి పని మీద వచ్చిన రైతు. పొద్దున పది దాటాక పోతే "పూరి అయిపోయింది" అంటారు. ఆ మాట వింటే చిరాకు పడొద్దు. అయిపోయింది అంటే నిన్నటిది మిగల్లేదని అర్థం. హోటల్లో వినదగ్గ మంచి మాట అదే.

మానుకోట: రైలు, మిర్చి, తండా

మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ రైల్వే లైన్ మీద ఉంది. భద్రాచలం రోడ్డు వైపు లైన్ చీలే డోర్నకల్ జంక్షన్ కూడా ఈ జిల్లాలోదే. రైలు పట్టుకునేవాళ్లకు కావాల్సింది స్పీడ్: ఇడ్లీ, బజ్జీ, చాయ్, పార్సిల్. మార్కెట్ పని మీద వచ్చేవాళ్లకు కావాల్సింది కడుపు నిండటం. కేసముద్రం లాంటి మార్కెట్‌కు మిర్చి వచ్చే సీజన్‌లో బస్తాలు మోసే హమాలీకి నూడుల్స్ సరిపోవు. అన్నం, పప్పు, పచ్చి పులుసు, కుదిరితే బగార అన్నంతో చికెన్ కావాలి. అట్లాంటి మెస్‌లో రెండోసారి అన్నం అడిగితే ముఖం ఎలా పెడతారో చూడండి. ఆ ముఖమే రేటింగ్.

ఇక్కడ ఒక లోటు కూడా ఉంది. మహబూబాబాద్‌లో లంబాడా జనాభా చాలా ఎక్కువ. తండాల్లో జొన్న రొట్టెను బాటి అంటారు. మేకను కోసిన రోజు నెత్తురుతో సళోయి వండుతారు. అవి ఇళ్లలో, విందుల్లో ఉన్నాయి, "మల్టీ క్యుజిన్" అని రాసుకున్న మెనూల్లో మాత్రం వెతకాల్సిందే. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులతో చేసే మన సర్వపిండి పరిస్థితీ దాదాపు అదే. మనం దేన్ని అడుగుతామో అదే మెనూలోకి వస్తుంది. మనమందరం మండి మాత్రమే వెతికితే రేపు మండి మాత్రమే దొరుకుతుంది.

భూపాలపల్లి: షిఫ్టుల ఊరు

భూపాలపల్లికి రైలు లేదు. ఉన్నది సింగరేణి బొగ్గు గనులు. పక్కనే చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. ఊరి ఆకలి గడియారాన్ని బట్టి కాదు, షిఫ్టును బట్టి నడుస్తుంది. డ్యూటీకి పోయేవాళ్లకు పొద్దున్నే టిఫిన్ కావాలి, దిగి వచ్చేవాళ్లకు వేడి అన్నం కావాలి. ఉత్తరాది నుంచి పనికి వచ్చినవాళ్లకు రోటీ, దాల్ కావాలి. షిఫ్టు మారే టైమ్‌కు నిండే హోటల్‌ని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. కడుపు పాడైతే రేపటి డ్యూటీ పోతుంది కాబట్టి కార్మికుడు రెండోసారి రిస్క్ తీసుకోడు.

ఇదే జిల్లాలో కాళేశ్వరం ఉంది. 2025 మే 15 నుంచి 26 దాకా అక్కడ సరస్వతి పుష్కరాలు జరిగాయి. అట్లాంటి రద్దీలో తినేవాళ్లంతా ఒక్కసారి వచ్చేవాళ్లే. అప్పుడు వేడిగా కళ్ల ముందు తీసినవే తినండి.

రంగు గురించి ఒక మాట. ఈ జిల్లాలో కూడా పండే వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. దాని ప్రత్యేకత రంగు ఎక్కువ, కారం తక్కువ. కాబట్టి ఎర్రగా ఉందంటే మంట అని కాదు. కానీ చికెన్ ముక్క పట్టుకున్న వేలికి అంటి, సబ్బుతో కడిగినా పోని ఎరుపు మాత్రం మిర్చిది కాదు, డబ్బాలోని కలర్‌ది.

మండి, షవర్మా తినొద్దా?

తినండి. మండి యెమెన్ వంట. హైదరాబాద్‌లో అరబ్ మూలాలున్న కుటుంబాల బార్కస్‌లో పేరు తెచ్చుకుని జిల్లాలకు వచ్చింది. నలుగురు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటే ఖర్చూ కలిసొస్తుంది. షవర్మా దగ్గర మాత్రం జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. మయోనీస్‌ను పొయ్యి మీద పెట్టరు కాబట్టి అది చావదు. బయట గంటలకొద్దీ ఉంచితే పెరుగుతుంది. "మయోనీస్ ఎగ్‌దా, ఎగ్‌లెస్సా?" అని అడగండి. అనుమానం ఉంటే వద్దనండి. ఇంకొకటి, రద్దీలో కడ్డీకి గుచ్చిన మాంసం లోపలి భాగం సరిగా కాలకముందే కోసేస్తారు. కోసిన ముక్కల్ని పెనం మీద మళ్లీ వేయించమని అడగడంలో సిగ్గు లేదు.

గోడ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందేమో కూడా చూడండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో దాన్ని చెక్ చేయొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. నంబర్ ఉంటే హోటల్ రికార్డుల్లో ఉందని అర్థం. ఇవాళ్టి కూర బాగుందని దానర్థం కాదు, అది మీ ముక్కే చెప్పాలి.

చివరగా మీ వంతు

మీకు నచ్చిన చిన్న హోటల్‌కు రివ్యూ రాయండి. "సూపర్" అని వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ టైమ్‌కు పోయారు, ఏం తిన్నారు, ఎంతైంది, ఇది ఎన్నోసారి పోవడం, ఈ నాలుగూ రాయండి. ఏసీ లేదని స్టార్ కోయొద్దు. ఇందాకటి ఆరు రివ్యూల హోటల్ గుర్తుందా? మీరు ఏడోవారై 5 ఇస్తే 4.33 కాస్తా 4.43 అవుతుంది. పెద్ద రెస్టారెంట్‌కి ఆ తేడా కనిపించదు. పొద్దున నాలుగింటికి లేచి పిండి రుబ్బే మనిషికి మాత్రం ఫోన్ చూసి వచ్చే కొత్త కస్టమర్ దాంతోనే దొరుకుతాడు.

మీ ఊర్లో "అయిపోయింది" అనే మాట ఎక్కువ వినిపించే హోటల్ ఏదో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.