సెల్‌ఫోనులో ఊరి పెత్తనం

"మావాడికి అమెరికా అధ్యక్షుడి పేరు తెలుసండీ, మా వార్డు సభ్యుడి పేరు మాత్రం తెలీదు" అని తల్లులు నవ్వుతూ చెబుతూ వుంటారు. మనలో ఎంతమందికి తెలుసు? కుళాయి నీళ్ళు, చెత్తబండి, వీధిదీపం, సందు చివర పార్కు, వీటి పెత్తనమంతా పురపాలక సంఘానిదే. రోజూ మన గడపలోకి వచ్చే రాజకీయం అదే. అయినా 2020 డిసెంబరులో హైదరాబాదు నగరపాలక ఎన్నికలు జరిగితే సగంమంది ఓటర్లు కూడా ఓటు వేయలేదు.

పెద్దవాళ్ళమే యిలా వుంటే, పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలకి శ్రద్ధ ఎక్కణ్ణించి వస్తుంది? "పొద్దస్తమానం ఆ ఫోనేనా?" అని వాళ్ళని విసుక్కుంటాం. ఆ ఫోను ద్వారానే పిల్లల్ని ఊరి వ్యవహారాల్లోకి రప్పించవచ్చునని కొన్నిచోట్ల చేసి చూశారు. ఎక్కడ పని జరిగింది, ఎక్కడ బెడిసింది అన్నది మనం తెలుసుకోదగ్గ సంగతి.

ఐస్‌లాండ్ దేశానికి రాజధాని రేక్యవీక్. 2010లో దాని జనాభా సుమారు లక్షా యిరవై వేలు. అంటే మన తెనాలి కంటే చిన్న ఊరన్నమాట. 2008లో ఆ దేశంలోని పెద్ద బ్యాంకులు మూడూ వరసగా కూలిపోయాయి. దాంతో జనానికి నాయకుల మీద నమ్మకం పోయింది. ఎంతగా పోయిందంటే, 2010 మే నెల మునిసిపల్ ఎన్నికల్లో యోన్ గ్నార్ అనే హాస్యనటుడు కొత్తగా పార్టీ పెట్టి, నెగ్గి, మేయరై కూర్చున్నాడు! ఆ ఎన్నికల రోజుల్లోనే ఊరివాళ్ళ ఆలోచనల కోసం ఒక వెబ్‌సైటు తెరిచారు. 'మెరుగైన రేక్యవీక్' అని దాని పేరు. "మా వీధికి యిది కావాలి" అని ఎవరైనా అందులో రాయవచ్చు. నచ్చినవాళ్ళు బలపరుస్తారు. ఎక్కువమంది బలపరచిన వాటిని నగర సభ చర్చకు తీసుకుంటుంది.

అందులో ఒక చిన్న ఏర్పాటు నాకెంతో నచ్చింది. ఒకరు రాసినదాని కింద మరొకరు జవాబు రాయడానికి వీల్లేదు. అనుకూలమైన మాటలకు ఒక వరస, వ్యతిరేకమైన మాటలకు ఒక వరస. మీకు నచ్చకపోతే మీ కారణం మీరు రెండో వరసలో రాసుకోవాలి తప్ప, ఎదుటివాళ్ళ మీద పడి కరవడానికి లేదు. మన అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో కారు ఎవరు ఎక్కడ నిలిపారన్న దగ్గర మొదలై, ఎవరి పుట్టింటివాళ్ళు ఎటువంటివాళ్ళన్న దాకా పోయే చర్చలు మీకు తెలియనివి కావుగా! అటువంటి చోట పిల్లలు నోరు విప్పరు. ఆడవాళ్ళమూ విప్పం.

తర్వాత ఆ నగరం యింకో అడుగు వేసింది. బడ్జెటులో కొంత సొమ్ము పేటల బాగు కోసం విడిగా తీసి, ఏ పేటలో ఏం చెయ్యాలో అక్కడివాళ్ళనే ఫోను మీద, కంప్యూటరు మీద ఓటు వెయ్యమంది. యిక్కడ ఓటుకు పద్దెనిమిదేళ్ళు నిండక్కర్లేదు. పదిహేనేళ్ళ పిల్లలు కూడా వెయ్యవచ్చు. మనింట్లో పదో తరగతి పిల్ల "పార్కులో దీపం కావాలి" అని ఓటేసి, మళ్ళీ ఏడు ఆ దీపం వెలగడం కళ్ళారా చూసిందనుకోండి, ఆ పిల్ల వార్డు ఎన్నికనాడు యింట్లో కూర్చుంటుందా?

తైవాన్ సంగతి యింకో రకం. 2014 మార్చిలో అక్కడి విద్యార్థులు ఒక వ్యాపార ఒప్పందం నచ్చక పార్లమెంటు భవనంలోనే మూడు వారాలకు పైగా బైఠాయించారు. మరుసటి ఏడు, అంటే 2015లో, ప్రభుత్వం అర్జీల కోసం ఒక వెబ్‌సైటు పెట్టింది. అర్జీకి అరవై రోజుల్లో 5000 మంది మద్దతు వస్తే, సంబంధించిన శాఖ రెండు నెలల్లోగా జవాబు చెప్పి తీరాలి. 2017లో పదహారేళ్ళ హైస్కూలు అమ్మాయి ఒకతె, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు మానిపించాలని అర్జీ పెట్టింది. సగ్గుబియ్యపు ముత్యాలు వేసిన తియ్యటి టీ వాళ్ళకి ప్రాణం, అది గొట్టం లేనిదే తాగరు. అటువంటి చోట యీ అర్జీ! అయినా 5000 మంది దాటారు, అధికారులు ఆమెను పిలిచి మాట్లాడారు. 2019 జూలై నుంచి ఆఫీసుల్లో, బడుల్లో, పెద్ద దుకాణాల్లో, ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళలో కూర్చుని తినేవాళ్ళకి ప్లాస్టిక్ గొట్టాలు యివ్వడం నిషేధించారు. యిది మునిసిపాలిటీ సంగతి కాదు, దేశం మొత్తం సంగతే. కానీ అక్కడ ఓటు హక్కు వయసు యిరవై. అంటే ఓటే లేని పిల్ల మాటకు సర్కారు జవాబు చెప్పింది.

అన్నిచోట్లా యిలాగే జరిగిందని చెప్పను. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో 2015లో యిటువంటిదే పెట్టారు. వేలకొద్దీ ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. కానీ పదహారేళ్ళు దాటినవాళ్ళలో నూటికొక్కరు బలపరిస్తేనే ముందుకు వెళుతుందని షరతు. అంత పెద్ద నగరంలో నూటికొక్కరంటే సుమారు 27 వేలమంది! 2017 ఫిబ్రవరిలో ఓటింగు దాకా వచ్చినవి రెండంటే రెండే. మిగతావాళ్ళు రాసి, ఎదురుచూసి, విసిగిపోయారు.

మనకి యాప్‌లు లేకపోలేదు. గుంత ఫొటో తీసి పంపిస్తే ఫిర్యాదు నంబరు వస్తుంది. నాలుగు రోజులకి "సమస్య పరిష్కరించబడినది" అని సందేశం కూడా వస్తుంది. గుంత మాత్రం గుంతలాగే వుంటుంది. నిజంగా పూడ్చినా సరే, నేననేది ఏమిటంటే, ఫిర్యాదు వేరు, పాలుపంచుకోవడం వేరు. "ఏ పని ముందు చేద్దాం, ఎంత ఖర్చు పెడదాం?" అని పిల్లల్ని అడిగితే అది పాలు. "గుంత ఎక్కడుందో చెప్పు" అంటే వాళ్ళని జీతంలేని మేస్త్రీని చేసినట్టే.

చట్టంలో దారి లేదా అంటే, వుంది. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు వుండాలి: యువజనులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు తలా ఒకటి. హైదరాబాదుకు వేరే చట్టం వుందనుకోండి. తక్కిన పట్టణాల్లో వున్నవాళ్ళు మీ వార్డులో ఆ కమిటీల్లో ఎవరున్నారో మునిసిపల్ ఆఫీసులో అడగండి. యువజన కమిటీ, మహిళా కమిటీ పక్కపక్కనే వున్నాయి చూశారా, తల్లీ కొడుకూ చెరొకదానిలో వుండవచ్చు. ఆ కమిటీ మాటలు ఫోనులో నడిచే ఏర్పాటు చేసుకోవడం పిల్లలకి ఎంతసేపు?

ఒక్క జాగ్రత్త. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన, అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో యింటర్నెట్టు ఎప్పుడైనా వాడిన ఆడవాళ్ళు అయిదుగురిలో ఒక్కరే. అన్నీ ఫోనులోకి ఎక్కించేస్తే మన పనిమనిషి కూతురి మాట ఎవరు వింటారు? వార్డు ఆఫీసులో కాగితం మీద రాసి యిచ్చే వీలు కూడా వుండి తీరాలి.

పిల్లలకి రాజకీయాలెందుకని భర్తలో, అత్తగార్లో అంటారేమో. మన రాజ్యాంగం ప్రకారం యిరవై ఒకటి నిండితే మునిసిపాలిటీకి పోటీ చెయ్యవచ్చు. తిరువనంతపురంలో ఆర్యా రాజేంద్రన్ 2020 డిసెంబరులో మేయరయ్యేనాటికి ఆమె వయసు యిరవై ఒకటే. పద్దెనిమిది నిండితే ఓటు. దానికి పదిహేడు నిండగానే ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడాదికి ఒక్కసారే అనే పాత పద్ధతి పోయి, జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కకు వస్తాయి. ఫారం 6 ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనే వుంది. వయసుకూ చిరునామాకూ రుజువులు, ఒక ఫొటో దగ్గర పెట్టుకుంటే, ఫోను మీదే పూర్తి చెయ్యవచ్చు.