గణిత ఆనర్స్ పరిశోధనకు సవర సంఖ్యావిధానం

ఉపోద్ఘాతం:

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళికా చట్రం నాలుగేళ్ల డిగ్రీలో పరిశోధనకు చోటు కల్పించింది. మొదటి ఆరు సెమిస్టర్లలో కనీసం 75 శాతం మార్కులు సాధించిన విద్యార్థి నాలుగో ఏడాది అధ్యాపకుని పర్యవేక్షణలో 12 క్రెడిట్ల పరిశోధన చేయవచ్చు. గణితానికి ప్రయోగశాల అక్కరలేదు గాని, డిగ్రీ విద్యార్థికి అందే కొత్త ప్రశ్న దొరకడం అరుదు. అది దొరకనప్పుడు పాఠ్యగ్రంథంలోని అధ్యాయమే పరిశోధన వ్యాసంగా మారే ప్రమాదముంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కళాశాలలకు అటువంటి ప్రశ్న ఒకటి చేరువలోనే ఉంది.

సవర సంఖ్యల నిర్మాణం:

సవర ముండా భాషలలో ఒకటి. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ఆ భాష నేర్చుకొని, 1931లో దాని వ్యాకరణాన్ని వెలువరించారు. ఈ భాషలో 12 ఒక మజిలీ. 13 నుంచి 19 వరకు సంఖ్యలను 12కు కలిపి చెబుతారు. ఆపై 20 ప్రమాణమవుతుంది. 33 అంటే 20+12+1. 99 అంటే 4×20+12+7. ఫ్రెంచిలోనూ 99 నాలుగు ఇరవైలతోనే మొదలవుతుంది; అయితే మిగిలిన 19 అక్కడ 10+9 అవుతుంది.

గణిత ప్రశ్న:

ఏ సంఖ్యనైనా 20తో భాగిస్తే శేషం 20కి లోబడి ఉంటుంది. ఆ శేషం 12 దాటితే 12 పక్కన చేరేది 1 నుంచి 7 వరకే. 8 చేరగానే 20 అవుతుంది. కనుక 8, 9, 10, 11 అనే పదాలు 12 తరువాత రావు. ఒక సంఖ్యకు ఒకే పేరు నిలవడానికి ఈ పరిమితే కారణం. దీనిని నిరూపించడం, పేర్ల నిడివిని దశాంశ పద్ధతితో పోల్చడం, ఏ తరంవారు ఏ సంఖ్య వరకు సవరలో లెక్కిస్తున్నారో నమోదు చేయడం డిగ్రీ విద్యార్థికి సాధ్యమైన పనులే.

పర్యవేక్షకుల పాత్ర:

నిరూపణలోని ఖాళీలను గణితాధ్యాపకుడు, క్షేత్రసేకరణ పద్ధతిని తెలుగు అధ్యాపకుడు పరిశీలించాలి. మూడో ప్రశ్నకు జవాబు వీరిద్దరికీ ముందుగా తెలియదు. పరిశోధనను పాఠం నుంచి వేరుచేసేది ఇదే. సమాచారం అందించిన సవర వక్తల సహకారాన్ని, వారి అనుమతి మేరకు వ్యాసంలో పేర్కొనాలి.

ముగింపు:

సవర విద్యార్థి తరగతిలో ఉంటే ఇంటి లెక్క అతనికి పరిశోధనాంశమవుతుంది. ఆ విషయంలో అధ్యాపకునికంటె అతనికే ఎక్కువ తెలుసు. పెద్దల నోట ఆ లెక్క వినిపిస్తున్నప్పుడే ఈ సేకరణ జరగాలి.